పిండి గీతల దారి

మా అత్తగారు తిలోత్తమది దురుసు నోరు అని కటక్‌లో మా పేట సునారి సాహి మొత్తానికీ తెలుసు. అందులో అబద్ధమేమీ లేదు. నేను కొత్త కోడలిగా వచ్చి మొదటిసారి దాల్మా వండితే, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మీ పుట్టింట్లో పప్పు ఉడికాక తింటారా, ఉడక్కముందే తింటారా అని అడిగింది. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడ గురించి రాయాలని కూర్చుంటే, మనసులో కృతజ్ఞత తప్ప మరొకటి రావడం లేదు. ఎందుకో చెబుతాను.

ఆవిడ పుట్టింది బాంకి దగ్గర మహానది ఒడ్డు పల్లెలో. పెద్దగా చదువుకోలేదు. పిన్నమ్మ దగ్గర ఒక్క విద్య మాత్రం బాగా పట్టుబడింది, ఝోటి వేయడం. నానబెట్టిన బియ్యం మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి, వేళ్ళు ముంచి నేల మీద వేసే తడిముగ్గు అది. మార్గశిరంలో గురువారం వస్తే మా ఆడవాళ్ళకు ఇంతకంటే పెద్ద పని లేదు. తెల్లవారకముందే ఇల్లు కడిగి, వీధి గుమ్మం నుంచి కొత్త ధాన్యం నింపిన కుంచం దాకా లక్ష్మి పాదాలు వేయాలి. ఆ పాదాల వెంటే లక్ష్మి ఇంట్లోకి వస్తుంది. మా అత్తగారు వేసిన పాదాలు చూడ్డానికి సాహిలో ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చేవారు. ఏ పాదానికా పాదం ఇప్పుడే ఎవరో అడుగు తీసి వెళ్ళినట్టు ఉండేది.

మామగారు బైకుంఠ రణా వెండి తీగపని చేసేవారు. దారం కంటే సన్నగా వెండి తీగ లాగి, మెలిపెట్టి, పువ్వులూ పడవలూ చేసే పని. దుర్గా పూజలకు అమ్మవారి వెనక నిలిపే వెండి తోరణంలో ఆయన చేతి ఆకులు ఉండేవి. ఆలుమగలిద్దరిదీ వేళ్ళ పనే కాబట్టి వాళ్ళ ఎత్తిపొడుపులు కూడా దాని చుట్టూనే తిరిగేవి. నా పని జనం కొనుక్కుని బీరువాలో పెట్టుకుంటారు, నీ పని మర్నాడు చీపురు పాలవుతుంది అని ఆయన అనేవారు. మీ పని చూడ్డానికి బీరువా తాళం కావాలి, నా పని చూడ్డానికి లక్ష్మే వస్తుంది అని ఆవిడ అనేది. ఇంత అన్నా, ఆ గురువారాల్లో ఆయన ఒక్క పాదం మీద కాలు వేసేవారు కాదు. గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకు పక్కకు జరుగుతూ నడవా దాటేవారు. పిల్లలెవరైనా తొక్కితే అరిచేవారు. భార్యను ఒక్కసారి కూడా మెచ్చుకున్న పాపాన పోలేదు కానీ, ఆవిడ వేసిన గీత చెరగనిచ్చేవారు కాదు.

మొదట వణికింది ఆయన కుడిచేతి బొటనవేలు. తీగ తెగిపోవడం మొదలైంది. చలికి అన్నారు, కాఫీకి అన్నారు, చివరికి డాక్టరు పార్కిన్సన్ అన్నాడు. ఆయన పనిచేసే కొట్టు యజమాని మంచివాడు, తీగపని మానిపించి మెరుగు పెట్టే పనిలో కూర్చోబెట్టాడు. కొన్నాళ్ళకు అదీ చేతకాక ఇంట్లో కూర్చున్నారు. మాత్రలతో చాలా ఏళ్ళు నెట్టుకొచ్చారు. నడక నెమ్మదించింది, మాట సన్నబడింది, అంతే అనుకున్నాం. ఆ తర్వాతే అసలు కష్టం వచ్చింది. చొక్కా చేతుల్లో ఏది ఎటో తెలిసేది కాదు. గడియారం ఎదురుగా ఉన్నా టైము చెప్పలేకపోయేవారు. వాకిట్లో ఎర్రదూడ ఉందనీ, దాన్ని తోలమనీ పదేపదే చెప్పేవారు.

మా ఆయన సుకాంత, బాపా, మనకు దూడే లేదు అని తండ్రికి నచ్చజెప్పబోయి తగువు పెట్టుకునేవాడు. మా అత్తగారు మాత్రం చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, హెయ్ హెయ్ అని లేని దూడను వీధి దాకా తోలి, తలుపు వేసి వచ్చేది. ఆయన నెమ్మదించేవారు. దూడకు అంత మర్యాద ఏమిటని నేను నవ్వితే, పెళ్ళైన కొత్తలో మీ మామగారు లేని చుట్టాల పేరు చెప్పి జాత్రలకు వెళ్ళేవాడు, అప్పుడు నమ్మానుగా, ఇప్పుడు దూడను నమ్మితే ఏం పోయింది అంది.

పడటం ఆ రోజుల్లోనే మొదలైంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. నడుం పైభాగం మాత్రం ముందుకే వెళ్ళేది. ఒకసారి మోచెయ్యి, ఒకసారి పెదవి పగిలాయి. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఆయన కాళ్ళలో బలం బాగానే ఉందట. మనమంతా ఆలోచించకుండానే నడుస్తామట. మెదడులో ఆ పని చూసే భాగం దెబ్బతిన్నవాళ్ళు ప్రతి అడుగూ ఆలోచించి వేయాలట. ఇప్పుడు ఆయనకు ఆ ఆలోచించే భాగమూ, ఏ వస్తువు ఎక్కడుందో అంచనా వేసే భాగమూ కూడా తగ్గిపోతున్నాయట. అందుకే నడిచేటప్పుడు పలకరిస్తే, ఆ మాటకు జవాబు వెతుక్కోవడంలో కాలి సంగతి మరిచిపోయి పడిపోతారట. ఇంకొక్కసారి గట్టిగా పడి తుంటి విరిగితే మళ్ళీ లేవడం కష్టమని కూడా చెప్పింది. ఆ మాట మా అందరి గుండెల్లోనూ పడింది.

ఇంటికి రాగానే మా అత్తగారు సాహి అంతా తిరిగింది. మా సాహిలో మనిషి ఎదురుపడితే జై జగన్నాథ్ అనకుండా పోవడం తిట్టినంత తప్పు. అలాంటి సాహిలో గడపగడపకూ వెళ్ళి, మా ఆయన నడుస్తుంటే ఎవరూ పలకరించొద్దు, కూర్చున్నాక వచ్చి ఎంత కావాలంటే అంత వాగండి అని చెప్పొచ్చింది. మొదట్లో కొందరు ముఖం ముడుచుకున్నారు. తర్వాత అందరికీ అలవాటైపోయింది. సాయంత్రం మామగారు సుకాంత చెయ్యి పట్టుకుని వీధి అరుగు దాకా వస్తుంటే, పకోడీల కొట్టు దగ్గర వాదించుకునేవాళ్ళు కూడా నోరు కట్టుకునేవారు. ఆయన అరుగు మీద కూర్చోగానే నలుమూలల నుంచీ ఒక్కసారిగా జై జగన్నాథ్, మౌసా అని బాబాయిని పిలిచినట్టు పలకరించేవారు. ఆ సాహి జనానికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అలా ఒక వానాకాలం పెద్ద ప్రమాదం లేకుండా గడిచింది. మార్గశిరం వచ్చింది. మొదటి గురువారం మా అత్తగారు చీకటితోనే లేచి, ఎప్పటిలాగే వీధి గుమ్మం నుంచి నడవా మధ్యగా పూజగది దాకా పాదాలు వేసింది. పని ముగించి స్నానానికి వెళ్ళింది. నేను పిండివంటల దగ్గర ఉన్నాను. మామగారు లేచి, పెరటి వైపు వెళ్ళడానికి నడవాలోకి వచ్చారు. ధబ్బుమన్న చప్పుడు విని పరుగెత్తాను. నడవా గోడ పక్కన పడి ఉన్నారు. కనుబొమ పైన చీలి నెత్తురు కారుతోంది. లేపబోతే నా చెయ్యి పట్టుకుని, పాదం చెరగలేదు కదా అని అడిగారు.

నేను నేల వైపు చూశాను. ఒక్క పాదమూ చెరగలేదు. మనుషుల పేర్లు మరిచిపోయిన మనిషి లక్ష్మి పాదాలు తొక్కకూడదన్న సంగతి మరిచిపోలేదు. ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి పక్కకు జరగబోయారు. తిన్నగా నడవడమే కష్టమైన కాళ్ళు పక్క అడుగు ఎక్కడ వేస్తాయి?

కుట్లు పడ్డాయి. అదృష్టం, ఎముక విరగలేదు. ఆ సాయంత్రమే సుకాంత ఒక కుర్చీ కొనుక్కొచ్చాడు. నడుముకూ తొడలకూ పట్టీలు ఉన్నాయి దానికి. పెరట్లోకి వెళ్ళాల్సి వస్తే ఇద్దరం కలిసి మోద్దాం, మిగతా వేళంతా బాపా అందులోనే ఉంటాడు అన్నాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి నెత్తురు చూసి బెదిరిపోయాడు. నాకు మాత్రం ఆ పట్టీలు చూడగానే మా నానమ్మ గుర్తొచ్చింది. మా పుట్టింట్లో ఆవిడను పడిపోతుందని చీరతో మంచానికి కట్టేవారు. ఆవిడ పడలేదు, నిజమే. కానీ ఆ మంచం మీద నుంచి మళ్ళీ కాలు కింద పెట్టలేదు.

ఎప్పుడూ గయ్యిమనే మా అత్తగారు ఆ రోజు గొంతు పెంచలేదు. మామగారి తలకట్టు సర్ది, నెమ్మదిగా అంది.

"నా చేత్తో నేనే పడేశాన్రా ఆయన్ని. కట్టాలంటే నా చేతులు కట్టు. ఈ నెల పోనీ, ఆ తర్వాత నీ ఇష్టం."

సుకాంత తల వంచుకున్నాడు. కుర్చీ ప్లాస్టిక్ కాగితం విప్పకుండానే మూలకు చేరింది.

కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మరో సంగతి చెప్పింది. ఇలాంటివాళ్ళలో కొందరికి ఉత్త నేల మీద కాలు లేవదు కానీ, ఎదురుగా అడ్డగీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు లేస్తుందట. అందరికీ పనిచేస్తుందని హామీ ఇవ్వలేననీ, పక్కన మనిషి ఉండగానే చేసి చూడమనీ చెప్పింది. సుకాంత హుషారుగా వచ్చి, కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు తెచ్చి నడవాకు అడ్డంగా వరసగా అతికించాడు. మామగారు గదిలోంచి వచ్చి మొదటి టేపు దగ్గరే ఆగిపోయారు. ముందు కాలవలున్నాయి, పలక వేస్తే గానీ దాటను అన్నారు. ఎంత చెప్పినా నమ్మలేదు. నల్లగా కనబడింది ఆయనకు గొయ్యిలా తోచింది. సుకాంత టేపంతా పీకేసి, డాక్టరమ్మ చదువంతా దండగ అని విసుక్కున్నాడు.

మా అత్తగారు వెళ్ళి బియ్యం నానబోసింది. మర్నాడు ఆయన లేవకముందే మంచం దగ్గర నుంచి పెరటి గుమ్మం దాకా నేల మీద తెల్లటి అడ్డగీతలు గీసింది. పువ్వు లేదు, పాదం లేదు, అరచెయ్యి పొడవున ఉత్త గీతలు. ఒక్కొక్క గీతకూ మధ్య ఎంత దూరం ఉండాలో తెలియక, మామగారి పాతచెప్పు తెచ్చి నేల మీద పెట్టి కొలుచుకుంది. తడి పిండి జారుతుందని విసనకర్రతో విసిరి ఆరబెట్టింది. ఆరేదాకా ఆయన్ని మంచం దిగనివ్వలేదు.

ఆయన లేచి నిలబడ్డారు. సుకాంత ఒక పక్క, నేనొక పక్క నిలబడ్డాం. మొదటి గీత వైపు చూశారు. కాలు లేచింది. గీత దాటి పడింది. రెండో కాలు లేచింది. గుమ్మం దగ్గర ఎప్పుడూ ఆగిపోయే మనిషి, గడప అవతల ఇంకో గీత కనబడగానే దాటి అవతలికి వెళ్ళిపోయారు. నడిచేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి మేం ముగ్గురం నోళ్ళు మూసుకుని నిలబడ్డాం. సుకాంత కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆ రోజు నుంచి రోజూ అదే పని. అడుగులకు చెరిగిన గీతలు మర్నాడు మళ్ళీ గీయాలి. మా పక్కింటి హేమ మౌసీకి అది కంట్లో నలుసైంది. ఝోటి పిండి లక్ష్మిది, దాన్ని మగవాడి కాళ్ళ కింద పోస్తున్నావు, ఏమనుకుంటున్నావు అని వాకిట్లో నిలబడి అడిగింది. మా అత్తగారు తలెత్తకుండా, నీకు నడుం పట్టేసినప్పుడు మీ ఆయన చేత గిన్నెలు తోమించావు, అప్పుడు ఏ దేవుడి చేతులు అరువు తెచ్చావు అంది. సాహి అంతా నవ్వింది, మౌసీ కూడా నవ్వుతూనే వెళ్ళింది. కానీ మరో గురువారం దగ్గరపడుతున్న కొద్దీ మా అత్తగారి ముఖంలో నవ్వు తగ్గిపోయింది.

నాకు అర్థమైంది. నడవా ఒక్కటే. నేల మీద లక్ష్మి పాదాలు వేస్తే ఆయన వాటిని తప్పించబోయి పడతారు. వేయకపోతే లక్ష్మి రాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ మా అత్తగారు ఒక్క గురువారమూ తప్పలేదు. ప్రసవించి పురిట్లో ఉన్న ఏడు కూడా పిన్నమ్మను పిలిపించి తన పేరు మీద వేయించింది. లక్ష్మి అలిగితే ఇంట్లో అన్నం కుండ ఖాళీ అవుతుందని మాకు పాలతో పాటు పట్టిన భయం. బుధవారమంతా ఆవిడ సరిగ్గా తినలేదు. ఈసారి వద్దులే అమ్మా, లక్ష్మికి తెలియదా మన కష్టం అని నేనంటే, నువ్వు పిలవకుండా మీ వదిన ఇంటికి వెళతావా, లక్ష్మి మాత్రం ఎందుకొస్తుంది అని కసిరింది. తప్పు అనిపించే పని చేయమని ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గురువారం తెల్లవారుజామున లేచి చూసేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. నేల మీద ఎప్పటి అడ్డగీతలే ఉన్నాయి, ఈసారి పూజగది దాకా. ఆవిడ ముక్కాలి పీట ఎక్కి, గోడకు చేరగిలబడి, గోడ మీద పాదాలు వేస్తోంది. గోడల మీద వరి కంకులు వేయడం మాకు మామూలే. పాదాలు వేయడం మాత్రం నేను ఎక్కడా చూడలేదు. వీధి గుమ్మం పక్క నుంచి మొదలై, మనిషి తల ఎత్తున, ఒకదాని వెనక ఒకటిగా పూజగది దాకా పోతున్నాయి. హేమ మౌసీ తన వాకిలి కడుగుతూ చూసి, చేతిలో బిందె అలాగే పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఇదేం చోద్యం అక్కా, లక్ష్మిని గోడ ఎక్కించావు?"

మా అత్తగారు పీట దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని చెప్పింది.

"ఆవిడ దేవత. గోడ మీదైనా నడుస్తుంది. మా ఆయన నడవలేడు. అందుకే నేల ఆయనకిచ్చాను."

హేమ మౌసీ ఏదో అనబోయి ఆగింది. బిందె కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, అక్కా, నువ్వు ఎక్కి దిగితే పడతావు, పీట నేను పట్టుకుంటాను అంది. మిగిలిన నాలుగు పాదాలూ అలా పూర్తయ్యాయి.

ఆయన పడటం అంతటితో ఆగిపోయిందని చెప్పను. ఆ జబ్బు అంత తేలిగ్గా వదిలేది కాదు. ఆ తర్వాత కూడా రెండుసార్లు కూలబడ్డారు, మేం పక్కనే ఉండబట్టి దెబ్బ తగల్లేదు. ఒక్కోరోజు గీతలు చూసినా కాలు లేవదు, మాత్ర పనిచేసేదాకా కూర్చోబెట్టి ఆగుతాం. ఇది రాస్తున్న ఈ మార్గశిరంలో ఆయన చిక్కిపోయి ఉన్నారు, నన్ను ఒక్కోసారి తన అక్క అనుకుంటున్నారు. కానీ పెరట్లోకి తన కాళ్ళ మీదే వెళుతున్నారు. పట్టీల కుర్చీని సుకాంతే ఎవరికో ఇచ్చేశాడు. మా ఇంట్లో మనిషిని కట్టెయ్యలేదు. రేపు నాకు ఏ గతి పట్టినా ఈ ఇంట్లో నన్ను కట్టెయ్యరని ధైర్యంగా ఉన్నాను. ఆ ధైర్యం మా అత్తగారు ఇచ్చిందే.

గోడ మీద పాదాలు వేసిన ఆ గురువారం ఉదయం మామగారు లేచి నడవాలోకి వచ్చినప్పుడు మేమంతా చెయ్యి అందేంత దగ్గరలో నిలబడ్డాం. ఆయన నేల వైపు చూశారు, తర్వాత గోడ వైపు చూశారు. గోడ మీద పాదాలు చూసి రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తబోతే, మా అత్తగారు గబుక్కున ఎదురుగా వెళ్ళి నేల మీది గీత చూపించింది. ఆయన చేతులు దించి కాలు ఎత్తారు. పక్కకు జరగలేదు, వీపు గోడకు ఆనించలేదు. గోడ మీద లక్ష్మీ, నేల మీద ఆయనా ఒకే వైపు నడిచి పూజగదికి చేరారు. పీట మీద కూర్చోబెట్టాం. అప్పుడు గానీ ఎవరం ఊపిరి పీల్చుకోలేదు. ఆయన కాసేపు కొత్త ధాన్యం నింపిన కుంచం వైపు చూసి, భార్య వైపు తిరిగారు.

"సుకాంత వాళ్ళమ్మా, నన్ను ఇందాకా ఎవరు మోసుకొచ్చారు?"

మా అత్తగారు ఆయన పాదాలకు అంటిన పిండిని కొంగుతో తుడుస్తూ చెప్పింది.

"ఎవరూ మొయ్యలేదు. మీరే నడిచొచ్చారు."